తొమ్మిదో కాలమ్‌లో పొయ్యి

నేను ఒక దరఖాస్తు ఫారాన్ని. నాలుగు పేజీలు, పద్నాలుగు కాలమ్‌లు, కుడివైపు పైన ఎర్రసిరాతో ఒక నంబరు. అంతకు మించి నా ఒంటి మీద నగానట్రా ఏమీ లేదు. పేరు మాత్రం బారెడు: "మారుమూల ఆరోగ్య ఉప కేంద్రములకు ఏకకాల సహాయ నిధి మంజూరు కొరకు దరఖాస్తు". ఏకకాలం అంటే ఒక్కసారే అని. ఒక ఉప కేంద్రానికి ఒక ఫారం, ఒక కోరిక. తప్పు రాసుకున్నా, తడుపుకున్నా ఇంకోటి ఇవ్వరు. కొట్టివేతలు ఉంటే పుచ్చుకోరు. ఈ హెచ్చరికలన్నీ నా వీపు మీద చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటాయి.

నేను పుట్టింది జిల్లా కేంద్రంలో, బస్టాండు వెనక ఒక చిన్న ప్రెస్సులో, రెండు పెళ్లికార్డుల ఆర్డర్ల నడుమ. కంప్యూటరు ముందు కూర్చున్నాయన దరఖాస్తుదారు పేరుకీ, హోదాకీ, పై అధికారి పేరుకీ, ఆయన హోదాకీ ధారాళంగా చోటిచ్చాడు. తొమ్మిదో కాలమ్ దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోవచ్చింది. "కోరుతున్న అవసరం, ఒక్కటి మాత్రమే" అనే ఆ కాలమ్‌కి ఒకే ఒక్క గీత మిగిలింది. ఆయన ఒకసారి తల గోక్కుని, సరిపోతుందిలే అనుకుని మిషన్ తిప్పేశాడు. అలా నాలుగు వందలమంది పుట్టాం. అందరం ప్రశ్నలతోనే పుట్టాం. జవాబు ఒక్కటీ తెలియదు. మనుషులంటే నాకు అంత కుతూహలం అందుకే కాబోలు.

నా నంబరు రేగులపాడు ఉప కేంద్రానికి పడింది. ఏజెన్సీలో తారురోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది రేగులపాడు. ఊరి వెనక బూరుగువాగు. వాగుకి అవతల కొండల్లో పదకొండు గూడేలు. వాటన్నిటికీ నర్సమ్మ ఒక్కతే, కుర్సం జోగమ్మ. నలభై ఆరేళ్ల మనిషి. ఆమె పుట్టిందీ అవతలి గూడెంలోనే. పంతొమ్మిదేళ్లుగా టీకాల పెట్టె భుజాన వేసుకుని ఆ కొండలెక్కి దిగుతోంది.

ఏప్రిల్ నెల మీటింగులో మండలం ఆసుపత్రి డాక్టరుగారు మమ్మల్ని పంచారు. ఆయన ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. ఒక్కసారి వచ్చే అవకాశం, ఆలోచించి రాయండని చెప్పారు. ఆలోచించడానికి చాలామందికి ఒక టీ తాగినంతసేపు పట్టింది. నా పక్కనే ఉన్న అప్పచెల్లెళ్ల మీద అక్కడికక్కడే 'ఇన్వర్టర్', 'ఇన్వర్టర్', 'బీరువా' అని పడిపోయాయి. జోగమ్మ మాత్రం పెన్ను తీయలేదు. కొత్త చీర వచ్చిన ప్లాస్టిక్ కవరొకటి సంచిలోంచి తీసి, నన్ను మడత పడకుండా అందులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

అక్కడి నుంచి నెల రోజులు నేను ఆమె సంచిలో కొండలు తిరిగాను. నా తోబుట్టువులెవరికీ దక్కని యోగం అది. ఏ గూడెం వెళ్లినా, పిల్లలకు టీకాలు అయిపోయాక, జోగమ్మ ఆడవాళ్లని కూర్చోబెట్టి ఒకే మాట అడిగేది: మన ఆసుపత్రికి సర్కారు ఒక్కటంటే ఒక్కటి ఇస్తానంటోంది, ఏం అడగమంటారు అని. ఆ ప్రశ్న నాదే. కానీ నా మీద అచ్చులో ఉన్నప్పుడు అది ఇంత బాగుంటుందని నాకు తెలియదు. ఒక ముసలాయన కళ్లద్దాలన్నాడు. ఒకామె, అబద్ధం చెప్పని త్రాసు కావాలంది. తన పిల్లాడిని తూచినప్పుడల్లా ముల్లు ఒక్కోచోట ఆగుతోందట. పద్నాలుగేళ్ల పిల్లొకతి చాలాసేపు తటపటాయించి, సూది వేసే గదికి ఒక తలుపు పెట్టించమంది. సర్పంచి అయితే జోగమ్మ అడగకముందే, గేటుకి పేర్లు చెక్కిన ఆర్చి అడగమని సలహా ఇచ్చాడు. జోగమ్మ అన్నిటికీ తలూపి నోటు పుస్తకంలో రాసుకునేది. నా మీద మాత్రం రాసేది కాదు.

పది గూడేలు అయ్యాయి. పదకొండోది మిగిలింది. అక్కడికి వెళ్లడాన్ని ఆమె వాయిదా వేస్తోందని నాకు అర్థమైంది. రెండుసార్లు ఆ దారిదాకా వెళ్లి, మరో పని గుర్తొచ్చిందని వెనక్కి తిరిగింది. ఎందుకో ఆమె ఎవరితోనూ అనలేదు. తర్వాత జిల్లా ఆఫీసులో తనే చెబితే విన్నాను. అది ఇక్కడే చెప్పాలి.

రేగులపాడు ఉప కేంద్రానికి ఆనుకుని ఒక గది ఉంది, అందరూ కాన్పు గది అంటారు. వానాకాలంలో వాగు పొంగితే అవతలి గూడేలకు దారి మూసుకుపోతుంది కాబట్టి, నెలలు నిండిన ఆడవాళ్లు పది పదిహేను రోజుల ముందే వచ్చి అందులో ఉండాలని కట్టించారు. కాన్పు వేళకి అంబులెన్సు వచ్చి పెద్దాసుపత్రికి తీసుకెళుతుంది. నాలుగు మంచాలు, నాలుగు పరుపులు, ఫ్యాను. రోడ్డు మీది హోటలు నుంచి రెండు పూటలా అన్నం పొట్లం. అంతా బాగానే ఉంది, ఆడవాళ్లు మాత్రం ఉండేవాళ్లు కాదు. రెండో రోజుకో మూడో రోజుకో కనబడేవాళ్లు కాదు. రెండేళ్ల కిందట పదకొండో గూడెం నుంచి మడివి ఉంగమ్మ అనే ఆమెను జోగమ్మే బతిమాలి తెచ్చింది. మూడో రోజు తెల్లవారి చూస్తే మంచం ఖాళీ. జోగమ్మకి ఒళ్లు మండిపోయింది. రిజిస్టరులో ఉంగమ్మ పేరుకి ఎదురుగా 'పారిపోయినది' అని రాసింది. వారం తిరగకుండా వానలు పట్టుకున్నాయి. నొప్పులొచ్చిన ఉంగమ్మను డోలీలో వాగు ఒడ్డుదాకా మోసుకొచ్చారు. నీళ్లు తగ్గేదాకా ఆ ఒడ్డునే ఉండిపోయారు. ఉంగమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ ఉంగమ్మకి ఇప్పుడు మళ్లీ ఆరో నెల. శ్రావణంలో కాన్పు. వాగు నిండుగా ఉండే రోజులు.

మే నెలలో ఒక ఉదయం జోగమ్మ చివరికి ఆ గూడెం వెళ్లింది. ఉంగమ్మ ఇంటి ముందు పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. దాన్ని కలుపుతున్న అత్తగారు నర్సమ్మని చూసి, లేచి చాప వేసింది. ఉంగమ్మ కూతురు, అయిదేళ్ల పిల్ల, తల్లి వెనక నక్కింది. వాళ్లు కోయ మాటల్లో మాట్లాడుకున్నారు. నేను తెలుగులో పుట్టినదాన్ని. నాకు గొంతులే తెలిశాయి. జోగమ్మ గొంతు మొదట్లో గట్టిగా ఉండి, ఒకచోట సన్నబడింది. ఉంగమ్మ గొంతు అంతసేపూ ఒకేలా ఉంది. తర్వాత జోగమ్మ అదంతా ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, ఉంగమ్మ వేలిముద్ర వేయించి, నాకు జోడించింది. అప్పుడు తెలిసింది నాకు.

ఎందుకు పారిపోయావని జోగమ్మ అడిగింది. ఉంగమ్మ చెప్పింది ఇది:

"నేను పారిపోలేదు. ఇంటికి పోయాను. ఆ గదిలో పొయ్యి లేదు. నిప్పు లేని ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఎట్టా పడుకుంటాది? ఆ పొట్లం అన్నం నోట్లో పెడితే తిరిగొచ్చేది. మా అత్త జావ కాసిస్తే తాగేదాన్ని. అత్తని లోపలికి రానీలేదు. నా పిల్లని రానీలేదు. పిల్ల నాకోసం ఏడుస్తాదని ఇంటికి పోయాను. ఇది నన్ను ఎవరూ అడగలేదు."

చివరి మాట రాసేటప్పుడు జోగమ్మ పెన్ను కొంచెం గట్టిగా నొక్కింది. ఆ అక్షరాల అచ్చు కింద ఉన్న నా మీద కూడా పడింది.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని, ముందు నోటు పుస్తకంలో నాలుగుసార్లు రాసి చూసుకుని, తొమ్మిదో కాలమ్‌లో ఆ ఒక్క గీత మీద గుండ్రని అక్షరాలతో రాసింది: "కాన్పు గది వెనక పొయ్యి, తోడు వచ్చినవారు ఉండుటకు చోటు." కోరిక కొద్దిగా గీత దాటి మార్జిన్‌లోకి వెళ్లింది.

డాక్టరుగారి సంతకం లేకపోతే నేను కదలను. ఆయన నన్ను చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. ఆసుపత్రిలో పొగేమిటి, తోడు వచ్చినవాళ్లంటే పది మంది చేరతారు, గది శుభ్రం ఎవరు చూస్తారు అని అడిగారు. అవి తప్పు ప్రశ్నలు కావు. పొయ్యి గదికి దూరంగా పెరట్లో పెడతామని, ఒకరికి ఒక్క తోడు, చంటిపిల్లలుంటే వాళ్లు అని జోగమ్మ చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "మీ అవకాశం మీరే పోగొట్టుకుంటున్నారు సిస్టర్. ఇన్వర్టర్ రాస్తే కళ్లు మూసుకుని ఇచ్చేస్తారు," అన్నారు. ఆమె నిలబడే ఉంది. కొంతసేపటికి ఆయన సంతకం చేశారు. చేశాక, ఆడవాళ్లు మూఢనమ్మకంతో వెళ్లిపోతున్నారనే తానూ అనుకున్నానని మెల్లగా అన్నారు.

అలా నేను పుట్టిన ఊరికి తిరిగి వెళ్లాను. ఈసారి జిల్లా ఆఫీసుకి. అక్కడ మా కట్ట గుడిమెట్ల వరహాలరావుగారి బల్ల మీద పడింది. సీనియర్ అసిస్టెంటు. రిటైరుమెంటుకి రెండేళ్లుంది. కుడిచేత్తో టిక్కులు పెడుతూ ఎడంచేత్తో వేరుశనగలు ఒలుచుకోగల మనిషి. ముప్పయ్యొక్క వస్తువులతో ఆమోదించిన జాబితా ఒకటి అద్దం కింద పెట్టుకుని, ఇన్వర్టర్‌కి టిక్కు, కుర్చీలకు టిక్కు వేసుకుంటూ వచ్చారు. నా దగ్గర ఆయన చెయ్యి ఆగింది. జాబితా పైనుంచి కిందకి చూశారు. పొయ్యి లేదు. నా మీద చిన్న మెమో ఒకటి కుట్టారు: కాలమ్ తొమ్మిదిలో కోరినది జాబితాలో లేదు, పదిహేను రోజుల్లో వివరణ ఇవ్వకపోతే తిరస్కరించబడుతుంది.

ఆ మెమోతో రేగులపాడు చేరేసరికి పదిహేనులో తొమ్మిది రోజులు దారిలోనే ఖర్చయ్యాయి. జోగమ్మ వివరణ రాయడానికి కూర్చుని, రెండు వాక్యాలు రాసి చింపేసింది. మర్నాడు తెల్లారి బస్సెక్కింది. నన్నూ తీసుకెళ్లింది.

వరహాలరావుగారు ఆమె చేతిలో నన్ను, నా మీది మెమోని చూడగానే, ఏ ఫారమో చెప్పకుండానే గుర్తుపట్టారు. కుర్చీ చూపించారు.

"ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఆసుపత్రికి పొయ్యి అడిగినవాళ్లని నేను చూళ్లేదమ్మా. తప్పుపట్టడం కాదండీ. తెలుసుకుందామనే అడుగుతున్నాను. ఎందుకండీ?"

జోగమ్మ చెప్పింది. గది గురించి, పొట్లాల గురించి, ఖాళీ మంచాల గురించి చెప్పింది. ఉంగమ్మ కాగితం చదివి వినిపించింది. ఆయన వింటూ వింటూ వేరుశనగలు పక్కకు నెట్టారు. అప్పుడామె, ఆయన అడగని మాట కూడా చెప్పింది.

"రిజిస్టరులో పారిపోయిందని రాసింది నేనేనండి. నేను కూడా కోయపిల్లనే. మా అమ్మ నన్ను కన్నది పొయ్యి పక్కనే. అయినా నాకు తోచలేదు. ఉద్యోగంలో పడ్డాక ఆ మాట మర్చిపోయాను."

వరహాలరావుగారు గాజు గ్లాసులో టీ తెప్పించి ఆమె ముందు పెట్టారు. ఆ తర్వాత అద్దం కింద నుంచి జాబితా బయటికి లాగి, వెనక్కి తిప్పారు. వెనకపక్క ఇంకో వస్తువు ఉంది. ముప్పై రెండోది. "స్థానిక పరిస్థితులను బట్టి ప్రసూతి సేవలకు తోడ్పడు ఇతర ఏర్పాట్లు." దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో, సంబంధిత సహాయకుడు కారణాలు వివరిస్తూ స్వయంగా నోటు పెట్టవలెను అని ఉంది. ఇంతకాలం ఆ పేజీ తిప్పాల్సిన అవసరం ఆయనకి రాలేదు. టిక్కుకి ఎవరూ సంజాయిషీ అడగరు. నోటు రాస్తే కింద పేరు రాసుకోవాలి.

ఆయన ఆ రోజు మధ్యాహ్నమంతా ఒకటిన్నర పేజీ నోటు రాశారు. మూడుసార్లు మొదలుపెట్టారు. మొదటిసారి అది ప్రభుత్వ భాషలో వచ్చింది, రెండోసారి మరీ ఉత్తరంలా వచ్చింది. మూడోసారి కుదిరింది.

జిల్లా అధికారిణి దాన్ని చదివి, ఆ గది మీరు చూశారా అని అడిగారు. లేదండి అన్నారు. చూసి రండి అన్నారామె. ముప్పై ఆరేళ్లలో వరహాలరావుగారు ఏజెన్సీ ఫైళ్లు వేలల్లో చూశారు, ఏజెన్సీ చూడలేదు. మరుసటి వారం గొడుగొకటి, నన్ను పెట్టిన ఫైలొకటి పట్టుకుని రేగులపాడు బస్సెక్కారు. కాన్పు గదిలోకి వెళ్లి నాలుగు మంచాల్లో ఒకదాని మీద కూర్చున్నారు. దుప్పట్లకు కొట్లో పెట్టిన మడతలు ఇంకా విడలేదు. గోడ మీద బోర్డు ఉంది: తోడు వచ్చినవారికి ప్రవేశం లేదు. పక్క గోడ మీద ఇంకొకటి: నిప్పు రాజేయరాదు. ఆయన ఆ రెండు బోర్డుల్నీ తన నోటు కింద ఉన్నదున్నట్టు ఎక్కించారు. తిరుగు బస్సులో తన కూతురు పురిటికి వచ్చినప్పుడు ఇంట్లో ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. పదకొండు మంది తేలారు.

జూలై మూడో వారంలో మంజూరు ఉత్తర్వు వచ్చింది. నిధి రాలేదు, ఉత్తర్వు వచ్చింది. రెంటికీ మధ్య ఎంత దూరమో మా కాగితాల జాతికి బాగా తెలుసు. అప్పటికే కొండల మీద వానలు మొదలయ్యాయి. వాగు మోకాలిలోతు దాటింది. ఇటుకలు కొనడానికి, రేకులు వేయించడానికి డబ్బెప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇక ఈ ఏడాదికి అంతే అని నేను అనుకున్నాను.

మనుషుల సంగతి నాకింకా తెలియదని ఆ తర్వాత తెలిసింది.

భాద్రపదంలో జోగమ్మ మళ్లీ జిల్లా ఆఫీసుకి వచ్చింది, ఉప కేంద్రం బ్యాంకు పాసుపుస్తకం నకలు ఇవ్వడానికి. వరహాలరావుగారు నకలు అందుకుని, ముందు దాన్ని చూడకుండా ఆమె ముఖంలోకి చూశారు. ఆ ఉంగమ్మ వచ్చిందా అని అడిగారు.

వచ్చిందండి, అని జోగమ్మ జరిగిందంతా చెప్పింది. ఉత్తర్వు అందిన రోజే దాన్ని పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లిందట. డబ్బు లేదండి, కాగితం మాత్రం ఉంది, మూడు రాళ్లు పెట్టుకోవడానికి అది చాలదా అని అడిగిందట. ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదివి, లేచి, తన స్కూటరు మీద తనే రేగులపాడు వచ్చారట. బోర్డులు రెండూ తనే మేకులూడదీసి దించారట. పెరట్లో మూడు రాళ్లు, పైన నీలం టార్పాలిన్. రాళ్లు దూరంగా ఉన్నాయో లేదో అడుగులు వేసి కొలిచారట. మర్నాడే జోగమ్మ వాగు దాటి వెళ్లి, ఉంగమ్మని, ఆమె అత్తని, అయిదేళ్ల పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చంకలో ఒక కోడిపెట్ట కూడా ఉంది. దాని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

పదమూడు రోజులు ఉన్నారట. రోజూ జావలో ఉప్పెంత వేయాలన్న దగ్గర అత్తాకోడళ్లకు వాదన. ఆరో రోజుకి వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది. పద్నాలుగో రోజు తెల్లవారుజామున నొప్పులు రాగానే అంబులెన్సు వచ్చింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల. రెండున్నర కిలోలు. త్రాసు ముల్లు ఎక్కడ ఆగిందో ఈసారి రెండుసార్లు చూశామని చెప్పి జోగమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

వరహాలరావుగారు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు. అయితే ఇప్పుడు గది ఖాళీయేనా అని అడిగారు.

"లేదండి. ఇద్దరున్నారు. ఒకమ్మాయి తొలిచూలు. తల్లి లేదు, అత్త మంచం పట్టింది. తోడెవరూ రాలేదు. ఉంగమ్మ బిడ్డనెత్తుకుని ఇంటికెళ్లింది గానీ, ఆమె అత్త మాత్రం కదల్లేదండి. ఈ పిల్ల కాన్పయ్యేదాకా పొయ్యి దగ్గర తనే ఉంటానంది."

ఆయన ఫైలు తెరిచారు. నా పద్నాలుగు కాలమ్‌లు, తన నోటు, ఉంగమ్మ వేలిముద్ర ఉన్న కాగితం, అన్నీ ఒక్కొక్కటే తిప్పారు. చివరిదాకా తిప్పి తలెత్తారు.

"ఆవిడ పేరేంటమ్మా?"

జోగమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్లింది, ఆమె వేసిన చాప మీద కూర్చుంది, ఆమె చేతి జావ తాగింది. ఉంగమ్మ అత్త అనే పిలిచేది, అందరూ అలాగే అనేవారు.

"అడగలేదండి," అంది. "వెళ్లగానే అడుగుతాను."

నిధి దసరా దాటాక వచ్చింది. మార్గశిరానికి పొయ్యి చుట్టూ గోడ లేచింది, పైన రేకులు పడ్డాయి, పక్కన ఆరుగురు పడుకునేంత వసారా. సంక్షిప్తంగా ఇవే మాటలతో, నిధి దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం ఒకటి వచ్చి ఫైల్లో నా పక్కన చేరింది. దానితో ఒక ఫోటో. వసారాలో నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఒక మూల పొయ్యి ముందు ఒక ముసలామె, కెమెరా వైపు చూసే తీరిక లేక, నిప్పు ఊదుతోంది. వరహాలరావుగారు ఫోటో వెనక్కి తిప్పి చూశారు. జోగమ్మ గుండ్రని అక్షరాలు. అందరి పేర్లూ ఉన్నాయి. మొట్టమొదట మడివి ఇడమమ్మ.

ఆయన ఆ పేరు పైకి చదివారు. పక్క బల్లాయన ఎవరండీ అని అడిగితే, చాలా పెద్ద కథ, మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబుతానన్నారు. తర్వాత మా అందరినీ కలిపి తాడు బిగించారు. నేనిప్పుడు రికార్డు గదిలో మూడో బీరువాలో ఉన్నాను. ఫోటో నా ఒంటికి ఆనుకునే ఉంటుంది, పేర్లున్న వైపు నా మీదికి తిరిగి.